కుడికాలి బొటనవేలు

జూన్ 3

చెల్లాయికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాగితం తీసి మళ్ళీ లోపల పెట్టేశాను కూడా. ఒక కాలివేలి గురించి పేజీలు నింపే మనిషిని లోకం ఏమంటుందో నాకు తెలియక కాదు. కానీ మీ వదిన వినడం మానేసింది. కొట్టుకొచ్చేవాళ్ళు వినడానికి రారు, చెప్పడానికి వస్తారు. ఇక మిగిలింది నువ్వు. నీకు ఫోన్ చేయడమంటే నీ బేకరీ గల్లాపెట్టెతో మాట్లాడటమే. "ఊఁ, చెప్పన్నయ్యా" అంటావు. నేను నొప్పి మధ్యలో ఉండగా పక్కకు తిరిగి "బన్నులు నాలుగా, ఆరా" అంటావు. కిందటిసారి నా బాధ పూర్తయ్యేలోపు ఎన్ని రొట్టెలమ్మావో నాకు లెక్క కూడా దొరకలేదు. అందుకే కాగితం.

మళ్ళీ వచ్చింది. గౌటు.

శనివారం సాయంత్రం ఒక లాయరు గారి కోటు చేతులు కురచ చేస్తూ మిషను మీద ఉన్నాను. కుడికాలి బొటనవేలి మొదట్లో చీమ పాకినట్టనిపించింది. మా డాక్టరు చెప్పనే చెప్పాడు, ఆ చీమ పాకినప్పుడే మాత్ర వేసుకోవాలి, ఏనుగు తొక్కేదాకా ఆగకూడదని. నేనేమో ఈ చెయ్యి ఒక్కటీ అయిపోనీ అనుకున్నాను. దర్జీవాడి బతుకంతా "ఈ ఒక్కటీ అయిపోనీ" లోనే వెళ్ళిపోతుంది. నాకు పని నేర్పిన మేస్త్రి కూడా అంతే, పెళ్ళికొడుకు ప్యాంటుకు అంచు కుడుతూ తన పెళ్ళికే ఆలస్యంగా వెళ్ళాడు. ఆ కథ ఇంకోసారి చెబుతాను.

తెల్లారేసరికి ఆ వేలు నాది కాదు. ముదిరిన వంకాయ రంగులో, తోలు బిగిసి, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ, ఎవరిదో తెచ్చి నా పాదానికి కుట్టినట్టుంది. అదీ వంకర కుట్టు. దాన్ని చూస్తే జాలి కలగలేదు చెల్లాయ్, అసహ్యం వేసింది. దుప్పటి అంచు తగిలితే కళ్ళ ముందు మెరుపులు. ఫ్యాను గాలి తగిలితే అరుపు. మీ వదిన వంటింట్లోంచి నడిచి వస్తుంటే ఆ అడుగులు నేల మీద కాదు, నా వేలి మీదే పడుతున్నాయి. "మెల్లగా నడవరాదా" అన్నాను. "గాలిలో నడవడం నేర్చుకున్నాక వస్తాలే" అని వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళకు నేర్చుకున్నది కొంచెమే. కాలు రెండు దిండ్ల మీద ఎత్తి పెట్టుకోవాలి. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి కాసేపు పెట్టి, కాసేపు తీసేయాలి. నీళ్ళు బాగా తాగాలి. డాక్టరు రాసిన మాత్రలు రాసినన్నే వేసుకోవాలి. ఆ తర్వాత నోరు మూసుకుని పడుండాలి. చివరిది నాకింకా పట్టుబడలేదు. దుప్పటి తగలకుండా కోటు హ్యాంగర్లు వంచి, పాదం మీద ఒక గూడు కట్టుకున్నాను. పైన లైనింగు గుడ్డ కూడా వేశాను. దర్జీవాడి కాలికి దర్జీవాడే గుడారం.

పరామర్శల సంగతి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. ఒకడు వేడి ఇటుక పెట్టమన్నాడు. ఒకడు వేడినూనెతో గట్టిగా రుద్దమన్నాడు. ఇంకొకడు తన తమ్ముడికి రాగి తీగ కడితే పోయిందన్నాడు. పోయింది నొప్పా, తమ్ముడా అని అడిగే ఓపిక లేకపోయింది. లాయరు గారు కోటు కోసం వచ్చి, గుడారం ఎత్తి, "ఇదేనా" అంటూ వేలితో నొక్కి చూశారు. వాదించేవాడికి సాక్ష్యం కావాలి కదా. నా అరుపుకు ఎదురింటివాళ్ళ కుక్క బదులిచ్చింది.

నువ్వు ఏమీ చేయనక్కర్లేదు. అయ్యో అను చాలు.

గుడారంలోంచి,
అన్నయ్య


జూన్ 10

అన్నయ్యకు,

నీ బొటనవేలు కుశలమని తలుస్తాను. మిగతా నువ్వు ఎలా ఉన్నా ఫరవాలేదు.

నీ ఉత్తరాన్ని మా వాడు పొయ్యి దగ్గర అందరికీ పైకి చదివాడు. పిండి పిసికే మేస్త్రి నవ్వి నవ్వి ఉప్పు రెండుసార్లు వేశాడు. ఒక వాయి రొట్టె పారబోశాం. అది నీ ఖాతాలో రాశాను.

అయ్యో. అన్నాను. చాలా?

అన్నయ్యా, నేను ఇద్దరిని కన్నాను. ఒక్కరి గురించీ నీకు అరపేజీ రాయలేదు. తెల్లవారుజామున షట్టరు ఎత్తినప్పటి నుంచి దించేదాకా కౌంటరు వెనక నిలబడే ఉంటాను. మీ బావగారు పోయాక నన్ను నిలబెట్టింది ఈ నిలబడటమే. కాలి నొప్పులు కూర్చునేవాళ్ళకు వస్తాయి. లేచి నడువు, పోతుంది.

నాకూ నిన్న రొట్టె కత్తి చిటికెనవేలికి గీసుకుంది. ఏం చెప్పమంటావు నా అవస్థ. వెన్నెల పడితే నొప్పి. పక్కింటాయన దగ్గితే నొప్పి. ఎక్కడో దూరాన రైలు కూత వేస్తే, అది పట్టాల మీద కాదు, నా చిటికెనవేలి మీదే పోతోంది. కేకు పెట్టె బోర్లించి గుడారం వేసుకున్నాను. చూడటానికి వచ్చినవాళ్ళకు టిక్కెట్టు పెట్టాను.

వదినకు నా సానుభూతి.

చిటికెనవేలి బాధితురాలు,
చెల్లాయి


జూన్ 17

చెల్లాయికి,

అందింది. మీ వదిన చదివి, పొట్ట పట్టుకుని గోడకు ఆనుకుంది. మా ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది, అది నా ఖర్చుతో రావడం ఒక్కటే చేదు.

నువ్వు మారలేదు. మన పెద్దమ్మ కుంటుకుంటూ నడిచే నడక నువ్వు నడిచి చూపిస్తే, పెద్దమ్మే అరుగు మీంచి "ఎవరే అది, నాలాగే ఉంది పాపం" అంది. అప్పుడు నీకు ఎనిమిదేళ్ళుంటాయేమో. ఆ తర్వాత మేనత్త రాసినట్టు ఒక ఉత్తరం రాసి నాన్న చేతిలో పెట్టావు. అందులో అత్తయ్య మూలుగులన్నీ ఉన్నాయి, వాక్యానికొక "ఏం చెప్పను నాయనా" తో సహా. నాన్న నిజమనుకుని, ఆ మూలుగులు ఇక ఆపమని జవాబు కూడా రాసి పోస్టులో వేశాడు. రెండు కుటుంబాలకు ఏడాది మాటల్లేవు. నీకు మాత్రం తిట్లు కూడా పడలేదు, అందరూ నవ్వారు. నవ్వించేవాళ్ళకు ఈ లోకంలో శిక్షలు లేవు.

నా వేలు తగ్గింది. మళ్ళీ మిషను తొక్కుతున్నాను. నడిస్తే పోతుందన్నావు కదా, నాలుగోరోజు నీ మాట నిలబెడదామని గుమ్మం దాకా నడిచాను. ఇంకో రెండు రోజులు పెరిగింది. నీ వైద్యం నీ రొట్టెలాగే ఉంది, పైకి మెత్తగా ఉంటుంది, పళ్ళు ఊడతాయి.

ఒక మాట మాత్రం వేళాకోళం కాదు. నన్ను ఎన్ని వేషాలైనా కట్టు, నా నొప్పిని కట్టకు. అది వచ్చినప్పుడు నేను మనిషిని కాను, నా మీద నాకే ఏవగింపు. ఆ స్థితిని మేస్త్రుల ముందు చదివించావు. ఇంకోసారి అలాంటిది వస్తే విప్పకుండా బొత్తాముల డబ్బా కింద పడేస్తాను.

అన్నయ్య


జూలై 9

అన్నయ్యకు,

నవ్వకు. ముందే చెబుతున్నాను.

పదిరోజుల కిందట, పిండి బస్తాలు దింపించి లోపలికి వచ్చేసరికి కుడికాలి బొటనవేలు వెచ్చగా అనిపించింది. చెప్పు కరిచిందనుకున్నాను. తెల్లారేసరికి చెప్పులో పట్టలేదు. ఎర్రగా ఉబ్బి, తోలు మెరుస్తోంది. అన్నయ్యా, దుప్పటి తగిలితే నిజంగానే మెరుపులు వస్తున్నాయి. ఫ్యాను ఆపించాను. మా వాడు పొయ్యిలోకి ట్రేలు తోస్తుంటే ఆ ఇనుప చప్పుడు నా వేలిలో వినపడుతోంది. దుప్పటి తగలకుండా రొట్టె కాల్చే డబ్బా బోర్లించి పాదం మీద పెట్టుకున్నాను. వేడినీళ్ళ సంచి పెడితే ఇంకా పెరిగింది.

మా వీధి చివరి నర్సింగ్ హోములో సర్జను గారికి చూపించాం. కాస్త జ్వరం కూడా ఉంది. నీ జబ్బేమోనని నేనే అడిగాను. రక్తం తీసి చూశారు, యూరిక్ యాసిడ్ మామూలుగానే ఉందట. పైగా అది ఆడవాళ్ళకు అరుదట. లోపల చీము పడుతోందన్నారు. యాంటిబయాటిక్కులు ఇచ్చారు, తగ్గకపోతే కోసి శుభ్రం చేయాలన్నారు. బీపీకి నీళ్ళ మాత్ర, ఒంట్లో నీరు బయటికి పంపేది, కొత్తగా మొదలుపెట్టాను కదా, అదీ చెప్పాను. దానికీ దీనికీ సంబంధం లేదన్నారు. నీ జబ్బు కాదని తేలాక ముందు నాకు హాయిగా అనిపించింది, నువ్వు నవ్వుతావనే భయం పోయింది కదా.

కౌంటరు దగ్గర స్టూలు వేసుకున్నాను. ఎత్తు చాలదు, గాజు పలకల వెనక నా తల ఒక్కటే కనిపిస్తోంది. వచ్చినవాళ్ళు కేకుల మధ్య నన్ను చూసి ఉలిక్కిపడుతున్నారు. నేను నిలబడలేకపోతే ఈ కొట్టు నడవదన్నయ్యా. మా వాడికి పొయ్యి తెలుసు, మనుషులు తెలియదు. ఈ వారం ఇద్దరితో తగువు పెట్టుకున్నాడు.

ఐసు ఎంతసేపు పెట్టమన్నావో మళ్ళీ రాయి. నీ పాత ఉత్తరం కనపడలేదు. కొట్టులో ఎవరో దానిలో బన్ను చుట్టి ఇచ్చేసినట్టున్నారు.

చెల్లాయి


జూలై 15

చెల్లాయికి,

బాగుంది. మేనత్త ఉత్తరం కంటే ఇదే బాగుంది. అప్పటికీ ఇప్పటికీ చెయ్యి తిరిగింది.

దుప్పటి, మెరుపులు, ఫ్యాను, అడుగుల చప్పుడుకు బదులు ట్రేల చప్పుడు, ఒక్కటీ వదల్లేదు. నా హ్యాంగర్ల గుడారం ఒకటే తక్కువైందనుకున్నాను, దానికీ రొట్టె డబ్బా వచ్చింది. "నవ్వకు" అని మొదలుపెట్టడం మరీ పసందుగా ఉంది. నవ్వించేవాళ్ళంతా అక్కడే మొదలుపెడతారు. పరీక్షలో ఏమీ లేదని చివరికి నువ్వే రాశావు. అంటే లేని జబ్బుకు ఇంత కథ అని నన్ను పొడవడమే కదా. కొస మెరుపు మాత్రం బన్ను. నేను పళ్ళు బిగబట్టి, కాలెత్తి పెట్టుకుని, దిండు మీద కాగితం ఆనించి రాసిన ఉత్తరంలో బన్ను చుట్టి అమ్మానని రాశావు. వట్టి మాటే కావచ్చు. అయినా నీకు తట్టింది చూశావా, అది నాకు ఏవగింపుగా ఉంది.

మీ వదిన అంది, "ఒకవేళ నిజమేమో, కనుక్కోండి" అని. నేను అన్నాను, "నొప్పిలో ఉన్నది తన తల కేకుల మధ్య ఎలా కనపడుతుందో రాస్తుందా?" అని. "మీరు రాయలేదా, గుడారమూ కుక్కా" అంది. ఆమెది ఎప్పుడూ నీ పక్షమే.

ఐసు గురించి మేస్త్రిని అడుగు. నా ఉత్తరం అతనికి కంఠతా వచ్చి ఉంటుంది.

ఇక కొన్నాళ్ళు రాయవద్దు.

అన్నయ్య


జూలై 28

అన్నయ్యకు,

వేషం కాదు. ఎలా నమ్మించాలో నాకు తెలియదు. చిన్నప్పటి నుంచి నేను ఏం చెప్పినా మీరంతా నవ్వారు, అది అలవాటు చేసింది నేనే. కాబట్టి ఈసారి ఏమీ కలపకుండా రాస్తున్నాను.

మొదటి వేలు దానంతటదే తగ్గింది. యాంటిబయాటిక్కుల వల్లనని సర్జను గారన్నారు. తగ్గేటప్పుడు వేలి చుట్టూ విపరీతమైన దురద వచ్చింది. తోలు పొరలు పొరలుగా ఊడింది, ఉల్లిపొర లాగా. పక్క మీదంతా అదే. చూస్తే వాంతి వచ్చేలా ఉంది. నా కోడలు పక్క దులపబోతే చెయ్యి పట్టుకుని ఆపి నేనే దులుపుకున్నాను.

తగ్గిందనుకుని మళ్ళీ కౌంటరు దగ్గర నిలబడ్డాను. నిన్నటి నుంచి ఎడమ కాలికి వచ్చింది. అదే బొటనవేలు, అదే రంగు, ఇంకా ఎక్కువ. జ్వరం ఉంది. విషం ఒంట్లో పాకిందని, ఇక ఆగకూడదని, వచ్చే గురువారం ఆరో తారీఖున కోస్తామన్నారు. లోపల ఎముక చెడి ఉంటే వేలు కూడా తీసేయాల్సి రావచ్చట. అది లేకుండా నిలబడటం కష్టమా అని అడిగాను. అలవాటవుతుందన్నారు.

మా వాడు కొట్టు అద్దెకివ్వడానికి మనిషిని చూశాడు. పొయ్యి తీయించేసి సెల్‌ఫోన్లు పెట్టుకుంటాడట. నాకు మంచే చేస్తున్నాననుకుంటున్నాడు.

ఏమైనా తెలిస్తే చెప్పు.

చెల్లాయి


ఆగస్టు 5

చెల్లాయికి,

ఈ ఉత్తరం సర్జను గారికి చూపించేదాకా కత్తి ముట్టుకోనివ్వకు. ముందు అది. మిగతాది తర్వాత చదువు.

నీ ఉత్తరం వచ్చిన రోజే విప్పి ఉంటే నేనే నీ దగ్గరికొచ్చి కూర్చునేవాణ్ణి. విప్పలేదు. అన్నంత పనీ చేశాను, బొత్తాముల డబ్బా కింద పెట్టాను. ఇవాళ మధ్యాహ్నం కొట్టులో మీ వదిన నల్ల బొత్తాములు వెతుకుతూ దాన్ని పైకి తీసింది. నన్ను అడక్కుండా చింపి చదివింది. చదివి, నవ్వకుండా, నా ముందు మిషను మీద పెట్టింది. "తోలు ఊడుతుందా మీకు?" అంది.

ఊడుతుంది. తగ్గేటప్పుడు ప్రతిసారీ దురదపెట్టి, పొరలు పొరలుగా ఊడుతుంది. అది నేను నీకు ఏ ఉత్తరంలోనూ రాయలేదు. మీ వదినకే చెప్పలేదు. అంత అసహ్యం నాకది. కొట్టు ఊడ్చేటప్పుడు దారప్పోగులతో కలిపి ఊడ్చేస్తాను, ఎవరూ చూడకుండా. నేను దాచుకున్నదాన్ని వేషం కట్టడం నీ వల్ల కూడా కాదు. నువ్వు రాసిందంతా నిజమని అప్పుడు తెలిసింది.

ఇది నా జబ్బే అనుకుంటున్నాను. నేను డాక్టరును కాను, కాబట్టి తేల్చి చెప్పడం లేదు, సర్జను గారిని అడగమని రాస్తున్నాను. నాకు మొదటిసారి వచ్చినప్పుడు కూడా రక్తంలో మామూలుగానే వచ్చింది. నొప్పి ముదిరి ఉన్నప్పుడు అది తక్కువ కనపడవచ్చని, తగ్గాక రెండు మూడు వారాలకు మళ్ళీ చూడాలని మా డాక్టరన్నాడు. కిందటిసారి ఆ ముక్క నీకు రాయాల్సింది పోయి వెక్కిరించాను. కీలులోంచి సూదితో కొంచెం నీరు తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, ఇది గౌటో, చీము పట్టిందో, రెండూనో తెలిసిపోతుంది. కోసే ముందు అది చూడమని అడుగు. జ్వరం ఉంది కాబట్టి వాళ్ళ అనుమానం కూడా కొట్టిపారేయలేం. బీపీ నీళ్ళ మాత్ర కొందరికి దీన్ని రప్పిస్తుంది. నువ్వే మానేయకు, మార్చాలేమో అడుగు. నా మాత్రలు పంపడం లేదు, నీ కిడ్నీలకు ఏది సరిపడుతుందో నాకు తెలియదు. వేడి వద్దు. రుద్దనివ్వకు. కాలు ఎత్తిపెట్టు. ఐసు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టు, తీసెయ్యి, మళ్ళీ కాసేపాగి పెట్టు. జూలైలో అడిగావు. ఇప్పుడు రాస్తున్నాను.

కొట్టుకు చేసినా, మీ వాడి సెల్లుకు చేసినా ఫోను మోగి మోగి ఆగిపోతోంది. ఈ ఉత్తరం సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, పొద్దున్నే మీ షట్టరు దగ్గర ఇస్తానన్నాడు. నేనే ఎక్కేవాణ్ణి. మధ్యాహ్నం నుంచి నా వేలిలో చీమ పాకుతోంది. ఈసారి వెంటనే మాత్ర వేసుకున్నాను. నా కాలు చూస్తే నాకు ఇంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

అన్నయ్య


ఆగస్టు 12

అన్నయ్యకు,

నీ ఉత్తరం శుక్రవారం చదివాను. కోసింది గురువారం.

బుధవారం మధ్యాహ్నమే నన్ను చేర్చుకున్నారు. కొట్టు మూసేసి అందరూ ఆసుపత్రిలోనే ఉన్నారు, అందుకే ఫోను ఎవరూ ఎత్తలేదు, మా వాడి సెల్లు కూడా గల్లాపెట్టెలోనే ఉండిపోయింది. డ్రైవరు షట్టరు కింద నుంచి లోపలికి తోసి వెళ్ళాడు. మా వాడు మర్నాడు ఖాళీ ట్రేల కోసం వెళ్ళి తెచ్చాడు.

కాలికి మాత్రమే మత్తు ఇచ్చారు. చూడొద్దన్నారు, చూశాను. చీము కోసమని నర్సు పళ్ళెం పట్టుకుని నిలబడింది. చీము రాలేదు. తెల్లటి ముద్ద వచ్చింది, తడిపిన సుద్ద లాగా. ఇన్నేళ్ళుగా కేకుల మీద నేను పిండే ఐసింగు ఉందే, అచ్చం అదే. అదే గట్టితనం, అదే తళతళ. అది నా కాలిలోంచి వస్తోంది. నర్సు పళ్ళెంలోనే వాంతి చేసుకున్నాను. ఇక ఈ జన్మలో ఐసింగు ముట్టను. పుట్టినరోజుల వాళ్ళు ఉత్త కేకు తింటారు.

సర్జను గారు కత్తి పక్కన పెట్టారు. ఆ ముద్దను పరీక్షకు పంపించి, ఇంకేమీ కోయకుండా కుట్టేశారు. మర్నాడు ఆయనే మంచం పక్కన కూర్చుని, "అమ్మా, నేను పొరబడ్డాను. సూదితో చూసి ఉంటే కోత పడేది కాదు" అన్నారు. నీ ఉత్తరం చూపిస్తే మొత్తం చదివారు. కోపం రాలేదు. నీళ్ళ మాత్ర మార్చారు. గౌటుకు మాత్రలు మొదలుపెట్టాక ఒక్కరోజులో మంట సగం దిగింది. వేలు ఉంది. కానీ కోత కోతే. ఇలాంటి కీలు మీద గాయం త్వరగా మానదట, పాదం నేల మీద మోపకూడదట.

నువ్వు చెప్పినప్పుడు నేను నవ్వాను, నేను చెప్పినప్పుడు నువ్వు కోపగించుకున్నావు. వదిన ఫోనులో "సరికి సరి" అంది. సరికి సరి కాదన్నయ్యా. కుట్లు నా కాలికున్నాయి.

నీ వేలు ఎలా ఉంది?

చెల్లాయి


ఆగస్టు 27

చెల్లాయికి,

మీ ఊరి నుంచి నిన్న ఇల్లు చేరాం. ఎదురుగా ఉన్నప్పుడు మాట్లాడలేనిది కాగితం మీద మాట్లాడటం మన వంశానికి పట్టిన తెగులు, కాబట్టి వినేసెయ్యి.

నా వేలు ఈసారి రెండు రోజుల్లోనే లొంగింది. చీమ దగ్గరే మాత్ర పడింది కదా. ఇన్నేళ్ళుగా డాక్టరు చెప్పింది మొదటిసారి విన్నాను, అదీ నీ వేలు కోయించాక.

నీ కుట్ల గురించి అక్కడ నోరెత్తలేదు. దూరం దూరంగా వేశాడు. మూలలో ఒకటి లాగి కట్టాడు, తోలు ముడతపడింది. అలాంటి అంచుతో నేను ప్యాంటు ఇస్తే ముఖాన కొడతారు. అది చూస్తూ ఆయన్ను తిట్టుకోవాలనుకున్నాను, కుదరలేదు. ఆయన ఒక పరీక్ష చేయలేదు. నేను ఒక కవరు విప్పలేదు. ఆయనైనా మంచం పక్కన కూర్చుని ఆ మాట అన్నాడు. నేను మూడు రోజులు నీ ఇంట్లో తిని, రొట్టె గట్టిగా ఉందని వంక పెట్టి వచ్చాను. మీ వదిన బస్సులో దారంతా కిటికీలోంచి బయటికే చూసింది.

పొరపాటు నాది చెల్లాయ్. రాశాను. చదివాక దీనిలో కూడా బన్ను చుట్టెయ్యి.

నీ కొడుకుతో కొట్టు వెనక మాట్లాడాను. వాడు చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. "అమ్మ మళ్ళీ పడిపోతే నేను చూడలేను మామయ్యా, ఆ అరుపు నీకు తెలియదు" అన్నాడు. తెలుసన్నాను. ఇద్దరం కాసేపు పిండి బస్తాల మీద కూర్చున్నాం. అమ్మ కాలు నేల మీద పెట్టేదాకా ఆ సెల్‌ఫోన్ల మనిషికి మాట ఇవ్వొద్దన్నాను. వచ్చే నెలాఖరు దాకా ఆగుతానన్నాడు, అంతకు మించి ఒప్పించలేకపోయాను. నువ్వు పడుకున్నప్పుడు ఒక పూట కౌంటరు కూడా చూశాను. ఒక ముసలాయన రస్కులు మెత్తగా ఉన్నాయా అని అడిగితే, మెత్తగా ఉంటే అవి రస్కులెందుకవుతాయన్నాను. కొనకుండా పోయాడు. ఆ పని నీది, మాలో ఎవరికీ రాదు.

కాలు కింద పెట్టకు. నీళ్ళు తాగు.

అన్నయ్య


సెప్టెంబరు 22

అన్నయ్యకు,

ఆ ముసలాయన మళ్ళీ వచ్చి, "ఆ కోపిష్టి ఎవరమ్మా" అని అడిగాడు. కొత్తగా పెట్టుకున్న పనివాడు, తీసేశానని చెప్పాను.

మంట పూర్తిగా తగ్గాక రోజూ వేసుకునే మాత్ర మొదలుపెట్టారు, చిన్న మోతాదుతో. మొదట్లో అదే మళ్ళీ నొప్పి రప్పించవచ్చట, రాకుండా పక్కన ఇంకోటి ఇచ్చారు. నొప్పి లేదు కదా అని మానేస్తే మళ్ళీ మొదటికే వస్తుందని సర్జను గారు రెండుసార్లు చెప్పారు. ఎందుకో నీ గురించి అడిగారు, మీ అన్నయ్య రోజూ వేసుకుంటారా అని. నేను గ్లాసెత్తి నీళ్ళు తాగాను.

కుట్లు విప్పాక కూడా ఒక మూల తెరుచుకునే ఉండింది. తెల్లగా పొడి రాలేది, సుద్ద ముక్క అరిగినట్టు. నేనే తుడిచేదాన్ని, మా కోడలికి ఇవ్వలేదు. మొన్న ఒకరోజు అడక్కుండా తనే తుడిచింది. ముఖం చిట్లించింది, కానీ తుడిచింది. ఈ వారం అది మూసుకుంది. వేలు వంగదు. నడిస్తే కొంచెం పక్కకు పడతాను, అచ్చం పెద్దమ్మ లాగా. ఇప్పుడు నన్ను నేనే వేషం కట్టుకోవాలి.

మా వాడు సెల్‌ఫోన్ల మనిషికి ఇంకా ఏమీ చెప్పలేదు. నేను నిలబడగలనో లేదో చూడాలట. నన్ను నమ్మడం లేదు. నేనూ వాణ్ణి అడగడం లేదు.

నీ మీద కోపం ఉంది. తగ్గుతోంది, నా వేలు తగ్గినట్టే, మెల్లగా, పొరలు ఊడుతూ.

వదినను రమ్మను. నువ్వు నీ మిషను చూసుకో.

చెల్లాయి

తా.క. ఇది పోస్టాఫీసులో రాస్తున్నాను. స్టాంపుల కోసం మా వాణ్ణి పంపలేదు, నేనే నడిచి వచ్చాను. వరుస గుమ్మం దాకా ఉంది, లోపల కూర్చునే బల్ల ఖాళీగానే ఉంది. నా వంతు వచ్చేదాకా వరుసలోనే నిలబడ్డాను.